పది బై పదకొండు గదిలో జిమ్: సామాన్లు ఎంచుకోవడంలో నా అనుభవం

ఇంట్లో జిమ్ పెట్టుకుంటున్నామని ఎవరితో అన్నా ముందు అడిగేది "బడ్జెట్ ఎంత?" అనే. మాకు డబ్బు కంటే ముందు అడ్డం వచ్చినవి వేరే ఉన్నాయి. గది కొలత, సీలింగ్ ఫ్యాను, కింది ఫ్లాట్ ఆంటీ, కరెంటు, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య, కదిలే వస్తువు కనిపిస్తే చాలు వేలు పెట్టేసే మా నాలుగేళ్ళ బాబు. ఇన్ని దాటుకుని ఏం మిగిలితే అదే కొన్నాం. బెంగళూరు అపార్టుమెంట్లలో ఉంటూ ఇదే ఆలోచనలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది కుండలహళ్ళి దగ్గర మూడో అంతస్తు. నాదీ మా ఆయనదీ ఐటీ ఉద్యోగాలే. అపార్టుమెంటులో జిమ్ ఉంది కానీ పొద్దున ట్రెడ్‌మిల్ దగ్గర క్యూ, సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు నుంచి బయటపడి ఇంటికి చేరేసరికి దానికి తాళం పడుతుంది. ఆఫీసు హెల్త్ చెకప్‌లో నాకు షుగర్ బోర్డర్‌లో ఉందని వచ్చింది. డాక్టరు నడవండి అని ఊరుకోలేదు, బరువులు కూడా ఎత్తమన్నారు. తిన్న అన్నం నుంచి రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌ని ఎక్కువగా తీసుకునేది కండరాలే కాబట్టి అవి బలంగా ఉండాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలూ అంతే: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి కార్డియో (నడక, సైకిలు లాంటి గుండె వేగం పెంచే వ్యాయామం), దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకి పని. అరవై ఐదు దాటినవాళ్ళకైతే పడిపోకుండా బ్యాలెన్స్ వ్యాయామాలు వారానికి మూడు రోజులు. ఆ చివరి వాక్యం చదివాకే ఈ లెక్కలో అత్తయ్యని కూడా కలిపాం.

"ఇంత దుడ్లు పోసి ఇంట్లోనే నడవాల్నా? కింద రోడ్డు లేదా? మా నాయన తాలింఖానాలో కర్రసాము చేస్తాండె, ఒక్క మిషనూ లేదు" అని ఆవిడ మొదట్లోనే తేల్చేశారు. నిజం చెప్పాలంటే ఆవిడ మాటలో న్యాయముంది. కానీ కుండలహళ్ళి రోడ్డు మీద ఆవిణ్ణి నడవమనే ధైర్యం నాకు లేదు.

మేం ఖాళీ చేసింది పది బై పదకొండు అడుగుల గది. ఒక గోడ పొడుగునా వార్డ్‌రోబ్, ఇంకో వైపు బాల్కనీ తలుపు. ఫాల్స్ సీలింగ్ వేయించడంతో ఎత్తు తగ్గింది, ఫ్యాను రెక్కలు నేలకి సరిగ్గా ఎనిమిదడుగుల ఎత్తులో తిరుగుతాయి. మా ఆయన ఆరడుగులకి ఒక అంగుళం తక్కువ. బరువుల రాడ్డు అనుకుని మాపు కర్రని తల మీదికి ఎత్తి పట్టుకోమని టేపు పెట్టి కొలిచాను. కర్ర దగ్గరికి ఏడడుగులు. రాడ్డు కొనలకి ఎక్కించే గుండ్రటి బరువుల్లో పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే రాడ్డు పైన ఇంకో తొమ్మిది అంగుళాలు. కింద వేసే మ్యాట్ మందం కలిపితే ఏడడుగుల పది అంగుళాలు. ఫ్యానుకీ ప్లేటుకీ మధ్య మిగిలేది రెండంగుళాలు! ఫ్యాను తీసేసి గోడకి బిగించే ఫ్యాను పెట్టించాం. జిమ్ కోసం మేం పెట్టిన మొదటి ఖర్చు అదే. ఏ షాపులోనూ, ఏ వీడియోలోనూ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

తర్వాత నేల భయం. ఇంత ఇనుము తెచ్చి పెడితే స్లాబు ఆగుతుందా? అనంతపురంలో మా పెదనాన్న కొడుకు సివిల్ ఇంజనీరు. ఫోన్ చేస్తే నవ్వాడు. మన దేశంలో ఇళ్ళ గదులని డిజైన్ చేసేటప్పుడు చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు పడుతుందని లెక్క వేస్తారట, ఐఎస్ 875 అనే ప్రమాణంలో రెండో భాగంలో ఉంటుందది. మా గది పది చదరపు మీటర్ల పైనే, అంటే మొత్తం మీద రెండు టన్నులు. మేం కొనాలనుకున్న సామానూ మేమూ కలిపినా నాలుగు వందల కిలోలు దాటం. "బరువు సంగతి వదిలెయ్ అక్కా. ఎత్తింది కింద పడేశారంటే మాత్రం టైల్సూ పోతాయి, కిందివాళ్ళతో స్నేహమూ పోతుంది" అన్నాడు. రూపాయి బిళ్ళతో టైల్స్ మీద కొట్టి చూడమని కూడా వాడే చెప్పాడు. కింద సిమెంటు సరిగ్గా పట్టని చోట డొల్ల శబ్దం వస్తుంది. మా గదిలో కిటికీ దగ్గర రెండు టైల్స్ అలా మోగాయి. రాడ్డు వాడే చోట 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసి, దాని మీద 15 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్లు పరిచాం. బరువు ఒక్క టైల్ మీదే పడకుండా ప్లైవుడ్ పంచుతుంది, దెబ్బని రబ్బరు మింగుతుంది. కొత్త రబ్బరు వాసన తల తిరిగేలా ఉంటుంది. తెచ్చిన మ్యాట్లని కొన్నాళ్ళు బాల్కనీలో ఆరబెట్టండి.

కింది ఫ్లాట్‌లో ఉండేది రిటైరైన కన్నడ టీచరమ్మ. ఏదీ కొనకముందే వెళ్ళి విషయం చెప్పి, ఆవిడ హాల్లో నిలబడి పైన ఉన్న మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన మామూలుగా నడిస్తే ఏమీ వినిపించలేదు. నిలబడ్డ చోటే జాగింగ్ చేస్తే సీలింగ్ మీద ఎవరో రోకలితో దంచుతున్నట్టే ఉంది. అరువు తెచ్చిన డంబెల్ నెమ్మదిగా కింద పెడితే చిన్న 'టక్' తప్ప ఏమీ లేదు. ఆంటీ "పర్వాగిల్ల" అన్నారు కానీ కళ్ళు మాత్రం సీలింగ్ మీంచి దించలేదు. పొద్దున ఆరున్నరకి ముందూ, రాత్రి తొమ్మిది తర్వాతా ఏదీ ముట్టుకోమని మాటిచ్చాను. ఆ పరీక్షతో ట్రెడ్‌మిల్, స్కిప్పింగ్ రెండూ లిస్టులోంచి సగం లేచిపోయాయి.

సగమే అన్నాను ఎందుకంటే మా ఆయనకి ట్రెడ్‌మిల్ మీద మనసు. మారతహళ్ళి వైపు ఒక షాపులో కుర్రాడు "5 హెచ్‌పీ మేడమ్, ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. మిషన్ వెనక్కి వెళ్ళి ప్లగ్గు చూశాను. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, ఐదంటే దాదాపు 3,700. ఆ చిన్న ప్లగ్గులోంచి 230 వోల్టుల దగ్గర వచ్చేది మహా అయితే 1,380 వాట్లు, అంటే రెండు హార్స్‌పవర్ కూడా కాదు. బాక్సు మీద వేసేది 'పీక్' హెచ్‌పీ, మోటారు క్షణకాలం చూపించగల గరిష్ఠం. అడగాల్సింది 'కంటిన్యుయస్' హెచ్‌పీ, అంటే ఆగకుండా ఎంత ఇస్తుందన్నది. ఆ మాట అడిగితే కుర్రాడు మేనేజర్‌ని పిలిచాడు, మేనేజర్ కేటలాగ్ తిరగేశాడు. దానికి తోడు కరెంటు పోయినప్పుడు మా అపార్టుమెంటు జనరేటర్ ఒక్కో ఫ్లాట్‌కి ఇచ్చేది లైట్లకీ ఫ్యాన్లకీ సరిపడా మాత్రమే. బెల్టు కింద సిలికాన్ ఆయిల్ వేస్తూ ఉండాలి. వెనక ఆరడుగులు ఖాళీ వదలాలి, జారితే గోడకీ బెల్టుకీ మధ్య ఇరుక్కోకుండా. అసలు భయం బాబు గురించి. 2021లో అమెరికాలో పెలోటన్ కంపెనీ తన ట్రెడ్ ప్లస్ మిషన్లని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, దాని కిందికి లాగబడి ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ వార్త చదివి వినిపించాక మా ఆయన మళ్ళీ ట్రెడ్‌మిల్ మాటెత్తలేదు.

పడవ తెడ్లు వేసినట్టు లాగే రోయింగ్ మిషన్ నాకు నచ్చింది. కాళ్ళు, వీపు, చేతులు అన్నీ పనిచేస్తాయి, కరెంటు అక్కర్లేదు. కానీ పేరున్న కాన్సెప్ట్ టూ రకం ఎనిమిదడుగుల పొడవు. రెండు ముక్కలుగా విడదీసి పెట్టుకోవచ్చు నిజమే, రోజూ విడదీసేదెవరు? పైగా అత్తయ్య అంత కిందికి కూర్చుని లేవలేరు. నిలబడి కాళ్ళూ చేతులూ ఆడించే క్రాస్ ట్రైనర్లలో మా ధరకి దొరికేవాటి మీద అడుగు పొడుగ్గా పడదు. మా ఆయన ఎక్కితే పిల్లల సైకిల్ తొక్కుతున్నట్టు మోకాళ్ళు ముడుచుకుపోయాయి. ఎయిర్ బైక్‌కి ముందు ఫ్యాను ఉంటుంది, గట్టిగా తొక్కితే చెవులు హోరెత్తుతాయి. రాత్రి ఎనిమిదిన్నరకి బాబు పడుకునే ఇంట్లో కుదరదు.

మిగిలింది కూర్చుని తొక్కే సైకిలు. ఇందులోనూ రెండు రకాల బ్రేకులు ఉన్నాయి. ఒకదాంట్లో ఫెల్ట్ ప్యాడ్ చక్రాన్ని నొక్కుతుంది. చవక, కానీ అరుగుతుంది, శబ్దం చేస్తుంది. రెండోది మాగ్నెటిక్. తిరిగే లోహపు చక్రం దగ్గరికి అయస్కాంతాలు జరుగుతాయి, చక్రంలోనే సుడులు తిరిగే కరెంట్లు (ఎడ్డీ కరెంట్లు) పుట్టి వేగాన్ని అడ్డుకుంటాయి. ఎక్కడా ఏదీ తగలదు కాబట్టి అరుగుదలా లేదు, చప్పుడూ లేదు. మేం తీసుకున్నది మాగ్నెటిక్‌లోనే రికంబెంట్ రకం, అంటే కుర్చీలా వీపు ఆనించుకుని కాళ్ళు ముందుకి చాపి తొక్కేది. దాని మీదికి కాలెత్తి ఎక్కనక్కర్లేదు, పక్కనుంచి కూర్చోవచ్చు. ఇంట్లో కార్డియో అందరికంటే ఎక్కువ అవసరమున్నది అత్తయ్యకి, ఆవిడ ఎక్కలేని మిషన్ ఎంత గొప్పదైనా మాకు దండగ. మా ఆయన ఇది ముసలివాళ్ళ సైకిలని గొణిగారు. ఎనిమిదో లెవెల్‌లో పది నిమిషాలు తొక్కించాక గొణుగుడు ఆగింది. స్క్రీన్ మీద చూపించే కేలరీల్ని మాత్రం నేను లెక్కలోకి తీసుకోను. నా బరువూ వయసూ అడగని మిషన్‌కి నేనెంత ఖర్చు చేశానో ఎలా తెలుస్తుంది?

ఇక బరువుల విషయం. అసలు కథంతా ఇక్కడే.

ఏ షాపుకెళ్ళినా నన్ను చూసి రెండు కిలోల గులాబీ డంబెల్స్ తీశారు. "లేడీస్‌కి ఇవి చాలు మేడమ్." 2000లో సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి రెండు లిఫ్టులు కలిపి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. భారతదేశంలో ఆ పని చేసిన మొదటి మహిళ ఆవిడే. పాతికేళ్ళు గడిచినా మన షాపులకి ఆ కబురు అందినట్టు లేదు. మా బాబే పదహారు కిలోలుంటాడు, రోజుకి ఎన్నిసార్లు ఎత్తుతానో లెక్కే లేదు. రెండు కిలోలతో నాకేమవుతుంది?

గులాబీ డంబెల్స్ వద్దంటే మల్టీ జిమ్ చూపిస్తారు. కేబుళ్ళు, కప్పీలు, 72 కిలోల ప్లేట్ల దొంతర. సేఫ్ అన్నది నిజమే, పిన్ను మారిస్తే బరువు మారుతుంది. కానీ కప్పీ కదిలే అమరిక ఉన్నచోట చేతికి తగిలేది పిన్ను పెట్టిన బరువులో సగమే. 40 పెట్టి 40 ఎత్తాననుకుంటే అది కాదు. గదిలో మూడో వంతు ఆక్రమించి, ఒక్క స్క్వాట్ (బరువుతో కిందికి కూర్చుని లేవడం) సరిగ్గా చేయనివ్వని వస్తువు మాకెందుకు అనిపించింది. అత్తయ్యకి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడమే స్క్వాట్, ఫిజియో నేర్పింది అదే. దానికి యంత్రం అక్కర్లేదు. మా ఇద్దరికీ కావలసింది ర్యాక్ (రాడ్డుని ఆనించి పెట్టే ఇనుప స్తంభాల చట్రం), బెంచ్, రాడ్డు, ప్లేట్లు.

రాడ్డు దగ్గర గది మళ్ళీ అడ్డం వచ్చింది. ఒలింపిక్ రాడ్డు 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు. మా గది వెడల్పు 3.05 మీటర్లు. మధ్యలో పెడితే ఒక్కో వైపు 42 సెంటీమీటర్లు మిగులుతాయి. ప్లేటు తీయాలంటే పక్కకి లాగాలి, మోచేయి గోడకి కొట్టుకుంటుంది. షాపువాళ్ళు ఐదడుగుల రాడ్డు తీసుకోమన్నారు. అది ర్యాక్ మీద సరిగ్గా కూర్చోదు. ర్యాక్ స్తంభాల బయటి కొలతే నాలుగడుగుల దాకా ఉంటుంది, పొట్టి రాడ్డుకి బయట ప్లేట్లకి చోటు మిగలదు. పైగా అవి సన్న రాడ్లు, వాటి ప్లేట్ల రంధ్రం చిన్నది. ఒలింపిక్ ప్లేట్లకి 50 మిల్లీమీటర్ల రంధ్రం. ఏదో ఒక రంధ్రానికి కట్టుబడ్డాక వెనక్కి రావడం కష్టం, ఇంట్లో ఉన్న ఇనుమంతా దానికే సరిపోవాలి.

చివరికి దారి చూపించింది ఆడవాళ్ళ పోటీ రాడ్డు. 15 కిలోలు, 2.01 మీటర్ల పొడవు. పట్టుకునే చోట 25 మిల్లీమీటర్ల మందం, మగవాళ్ళ రాడ్డుకి 28. ప్లేట్లు ఎక్కించే కొనలు పొట్టిగా ఉంటాయి కానీ మధ్య భాగం మాత్రం రెండింటికీ ఒకటే, 131 సెంటీమీటర్లు. అంటే అదే ర్యాక్ మీద కూర్చుంటుంది, అవే 50 మిల్లీమీటర్ల ప్లేట్లు పడతాయి, గోడకి ఒక్కో వైపు ఇంకో పది సెంటీమీటర్లు కలిసొస్తుంది. నా అరచేయి చిన్నది, పట్టు కూడా చక్కగా కుదిరింది.

"లేడీస్ రాడ్డుతో నేను చేయాలా?" అన్నారు మా ఆయన.

"మీరాబాయి చాను టోక్యో ఒలింపిక్స్‌లో నేల మీంచి భుజాలకీ, అక్కణ్ణుంచి తల పైకీ 115 కిలోలు ఎత్తింది ఈ రకం రాడ్డుతోనే. మీరు 116 ఎత్తిన రోజు కొత్తది కొందాం" అన్నాను. ఆ రోజు ఇంకా రాలేదు.

ర్యాక్‌లో నేను చూసింది ఒక్కటే, సేఫ్టీ ఆర్మ్స్. ముందుకి పొడుచుకొచ్చే రెండు ఇనుప చేతులవి. బెంచ్ ప్రెస్, అంటే బెంచ్ మీద పడుకుని రాడ్డుని పైకి నెట్టడం, చేస్తూ చేతులు ఆగిపోతే రాడ్డు ఛాతీ మీదో మెడ మీదో పడకుండా ఆపేవి అవే. జిమ్‌లో అయితే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు, ఇంట్లో పొద్దున ఆరున్నరకి ఎవరొస్తారు? పడుకుని వీపు కొంచెం విల్లులా వంచినప్పుడు ఛాతీ కంటే వేలెడు కింద ఉండేలా పెట్టాలి. ఖాళీ రాడ్డుతో పరీక్షించాకే బరువు వేయాలి. ఇవి లేని ర్యాక్ ఎంత చవగ్గా వచ్చినా ఒంటరిగా బెంచ్ చేసేవాళ్ళు కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇనుము పాతది కొన్నాం. సైకిలు మాత్రం కొత్తది, వారంటీ కోసం. ఇనుముకి వారంటీ ఎందుకు? బెంగళూరులో ఉద్యోగం మారేవాళ్ళకి, దేశం వదిలేవాళ్ళకి కొదవ లేదు. అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కొత్త సంవత్సరం ఉత్సాహం చల్లారాక సామాన్లు వరసగా అమ్మకానికొస్తాయి. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక గుంటూరు అబ్బాయి కెనడా వెళ్తూ ర్యాక్, బెంచ్, ఎనభై కిలోల ప్లేట్లు, రాడ్డు కలిపి పెట్టాడు. రాడ్డుని నేల మీద దొర్లించి చూశాం. మధ్యలో ఎగిరెగిరి పడింది, అంటే వంగింది. అది వద్దన్నాం. ర్యాక్ వెల్డింగ్‌లు టార్చ్ వేసి చూశాం, బెంచ్ మీద మా ఆయనే పడుకుని దొర్లి చూశారు.

ప్లేట్లకి సూట్‌కేసు తూచే కొక్కెం కాటా తీసుకెళ్ళాను. అబ్బాయి వింతగా చూశాడు కానీ ఏమనలేదు. 10 అని పోతపోసిన ప్లేట్లలో ఒకటి 9.6 తూగింది, ఇంకొకటి 10.3. పోటీల్లో వాడే 10 కిలోల ప్లేటుకి 10 గ్రాములు ఎక్కువ, 5 గ్రాములు తక్కువ వరకే ఒప్పుకుంటారు. ఇంట్లో అంత అక్కర్లేదు, కానీ రెండు వైపులా తేడా ఉంటే ఒక భుజం ఎక్కువ లాగుతుంది. దగ్గర దగ్గరగా తూగినవి జతలు చేసి పెయింటుతో గుర్తులు పెట్టాను. సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్ల జోలికి మాత్రం వెళ్ళలేదు. అదే బరువుకి రెట్టింపు మందం ఉంటాయి, పొట్టి కొనల మీద నాలుగు పట్టవు.

తేవడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. అసోసియేషన్ దగ్గర సర్వీస్ లిఫ్టుకి పర్మిషన్ తీసుకున్నాం. రాడ్డు లిఫ్టులో ఏటవాలుగా పెడితే పట్టింది. అన్నీ కలిపి డెబ్బై వేల లోపే అయింది, అందులో సైకిలుదే పెద్ద వాటా.

అత్తయ్య ఇప్పుడు సీరియల్ టైములో సైకిలెక్కుతున్నారు. ఆవిడ కోసం ఆ గదికి ఒక పాత టాబ్లెట్ తగిలించాం. బాబు లోపలికి రాకుండా తలుపుకి పైన గడియ బిగించాం.

ప్రస్తుతం నాకు దొరకనిది ఒక్కటే, అరకిలో ప్లేట్లు. భుజాల మీంచి పైకి నెట్టే ప్రెస్‌లో ఒకేసారి రెండున్నర కిలోలు పెంచడం నా వల్ల కావడం లేదు. షాపుల్లో అడిగితే "అంత చిన్నవి ఎవరూ అడగరు మేడమ్" అంటున్నారు. అంతవరకూ కాలి మడమలకి కట్టుకునే అరకిలో పట్టీలని రాడ్డుకి అటొకటి ఇటొకటి చుట్టి పని గడుపుకుంటున్నాను.